ఐరాలలో ఒక పండుగ కానుక

సంక్రాంతికి అత్తవారింటికి పోయే అల్లుళ్ళకు ఏమేమి ముడతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. పట్టుపంచె, చేతిగడియారం, కాస్త కలిగినవారింట స్కూటరు. నాకు పెళ్ళయి ఇరవై ఏడేళ్ళయింది గనుక ఆ ముచ్చట్లన్నీ ఏనాడో తీరిపోయాయి. ఇప్పుడు పండక్కి వెళితే నాలుగు నిప్పట్లు, రెండు అత్తిరాసలు, మధ్యాహ్నం ఒక కునుకు. అంతకు మించి ఆశ లేదు.

అలాంటిది మొన్నటి సంక్రాంతికి వారం ముందు మా మామగారు ఐరాల నుంచి ఫోను చేశారు.

"అల్లుడూ, ఈసారి నాలుగు దినాలు ముందే రండి. మీ చేత ఒక వస్తువుకు వెల కట్టించాల."

నేను ముప్పై ఏళ్ళుగా లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి. ఇంటి స్థలమో, పాత బంగారమో అయివుంటుందనుకున్నాను.

"ఏ వస్తువండీ?"

"రివాల్వరు" అన్నారాయన, జత ఎద్దుల సంగతి చెప్పినట్టు.

ఫోను పెట్టేసి మా ఆవిడతో చెప్పాను. ఆమె కూర తరుగుతోంది. చెయ్యి ఆపి, "దాన్ని ఇంకా ఉంచుకొని ఉండారా?" అని ఒక్కమాట అని, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. బెజవాడలో ఉన్నన్నాళ్ళూ మా భాషే మాట్లాడే మనిషి నోట చిత్తూరు యాస వచ్చిందంటే మనసులో ఏదో కదిలిందన్నమాట. ఆ గుర్తు పట్టడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఏమిటి కదిలిందో మాత్రం ఈ ప్రయాణం దాకా తెలియలేదు.

తిరుపతి దాకా రాత్రి రైలు. అక్కడినుంచి చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరుకు బస్సు. చిత్తూరులో దిగి మరో బస్సు. జనవరి మాసంలో ఆ సీమ చూడవలసిందే. కొండలంటే మన వైపు కొండల్లా పచ్చగా ఉండవు. గుండుమీద గుండు పెట్టి ఎవరో ఆడుకుని లేచిపోయినట్టు ఉంటాయి. వాటి పాదాల దగ్గర మాత్రం మామిడితోటలు. ఎక్కువగా తోతాపురి. వేసవిలో ఆ కాయంతా గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. మేం వెళ్ళేసరికి చెట్లు పూత మీద ఉన్నాయి. మధ్య మధ్య చెరకు మళ్ళు, పొగలు కక్కే బెల్లం గానుగలు. బస్సు కిటికీ తెరిస్తే ఒక పక్కనుంచి మామిడిపూత వాసన, ఇంకో పక్కనుంచి మరుగుతున్న చెరకుపాలు. రెండూ కలిసి కొట్టే ఆ ఒక్క మైలు కోసం నేను ఏటా ఈ ప్రయాణం చేస్తానని మా ఆవిడ వెక్కిరిస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాదు.

ఈ సీమకూ ఆయుధాలకూ సంబంధం ఈనాటిది కాదు. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోనుంచి కంపెనీ చేతికి వచ్చినప్పుడు ఇక్కడ కొండకొక పాళెగాడు ఉండేవాడు. 1804 ప్రాంతంలో చిత్తూరు పాళెగాళ్ళు తిరగబడితే, కంపెనీ వారిని అణిచివేసింది. ఆ తరవాత 1878 చట్టంతో దేశమంతటా తుపాకికి లైసెన్సు వచ్చింది. స్వరాజ్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధ చట్టం చేశారు, 1962 అక్టోబరు నుంచి అది అమలవుతోంది. మా మామగారి వస్తువు ఈ చట్టం కిందిదే.

కాణిపాకం దగ్గర బాహుదా నది. నది అన్నానే గాని ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఈ ఏటికి ఒక కథ ఉంది. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. తమ్ముడు ఆకలికి ఆగలేక అడగకుండా ఒక మామిడిపండు కోసుకున్నాడు. అన్న ధర్మం తప్పనివాడు. పోయి రాజుతో చెప్పుకోమన్నాడు. రాజు తమ్ముడి చేతులు నరికించాడు. ఆ తమ్ముడు ఈ నీళ్ళలో మునిగి లేచేసరికి చేతులు మళ్ళీ మొలిచాయట. అందుకని బాహుదా. పెళ్ళయిన కొత్తలో మా మామగారు నాకీ కథ చెబుతూ, "మామిడిపండుకు చేతులు నరికించినాడు చూడండి అల్లుడూ, అన్నంటే వాడు!" అని నవ్వకుండా అన్నారు. అది హాస్యమనుకుని నేను నవ్వాను.

మేం ఇల్లు చేరేసరికి వసారాలో ఇద్దరు ముసలివాళ్ళు పక్కపక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నారు. ఒకరు మామగారు, ఎనభై నిండినవారు. రెండోవారు ఆయన తమ్ముడు, మేం చిన్నమామ అంటాం. పక్కిల్లే. ఆయనకు ఒక చెవి బొత్తిగా, ఇంకో చెవి సగం వినపడదు. ఆ రాత్రి పితుకుపప్పు, రాగిసంగటి. దాని రుచి వర్ణించడం మొదలుపెడితే అసలు విషయానికి రాలేను గనుక వదిలేస్తున్నాను.

భోజనాలయ్యాక మామగారు బీరువా తెరిచి, తెల్లటి మల్లుగుడ్డ మూట ఒకటి తెచ్చి మంచం మీద విప్పారు. తోలు ఒర, అందులో రివాల్వరు. బర్మింగ్‌హాములో వెబ్లీ అండ్ స్కాట్ వారు చేసినది, పాయింటు ముప్పైరెండు, ఆరు తూటాల చక్రం. నేను తుపాకిని సినిమాలో తప్ప అంత దగ్గరగా చూసినవాణ్ణి కాను. చిన్న వస్తువు. మా ఇంట్లో పచ్చడిబండ దీనికంటే పెద్దది.

1973లో కొన్నారట. అప్పుడు ఆయనకు బెల్లం వ్యాపారం. చిత్తూరు మండీలో సరుకు వేసి, రొక్కం సంచిలో పెట్టుకుని రాత్రివేళ బండి మీద ఇల్లు చేరేవారు. దారిలో భయమని లైసెన్సు అడిగితే ఇచ్చారు. రెండువేల నాలుగువందలకు ఒక పెద్దమనిషి దగ్గర అది కూడా పాతదే కొన్నారు. అంటే ఇది పుట్టి ఎన్నేళ్ళయిందో దానికే తెలియాలి.

"ఎప్పుడైనా పేల్చారా మామయ్యా?"

"ఎన్నికలప్పుడంతా స్టేషనుకు పోయి వస్తా ఉంటుంది, ఆడబిడ్డ పుట్టింటికి పోయినట్టు. అంతే దాని తిరుగుడు" అన్నారు. 2024 ఎన్నికలప్పుడు కూడా స్టేషనులో అప్పగించి, రసీదు తీసుకుని, అయ్యాక తెచ్చుకున్నారు. నా ప్రశ్నకు జవాబు మాత్రం అది కాదు.

ఇక అసలు సంగతి. మామగారికి ముగ్గురు పిల్లలు. పెద్దబావగారు బెంగుళూరులో ఉద్యోగం. తరవాత మా ఆవిడ. చిన్నవాడు, మా బావమరిది, ఇక్కడే తోటా మడీ చూసుకుంటూ అమ్మానాన్నలను కనిపెట్టుకుని ఉన్నాడు. ఈ పండక్కి రివాల్వరును ముగ్గురిలో ఒకరికి కానుకగా ఇచ్చేయాలని మామగారి సంకల్పం. పొలమైతే మూడు ముక్కలు చేయవచ్చు. దీన్ని చేయలేం గదా. అందుకని వెల కట్టి, పుచ్చుకున్నవారు మిగతా ఇద్దరికీ చెరొక వంతు డబ్బు ఇవ్వాలి. వెల కట్టే పని నాది.

"ఎవరికిస్తారు?" అన్నాను.

"అది వెల తేలినాక చెప్తా. ముందే చెప్తే మీ చెయ్యి వణుకుతుంది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో నిబంధనలు చదువుతూ పడుకున్నాను. చదివినకొద్దీ తెలిసిందేమంటే, మన దేశంలో తుపాకిని పట్టుపంచెలా పళ్ళెంలో పెట్టి ఇవ్వడానికి వీల్లేదు. పుచ్చుకునేవారికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి, వారి పేర లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఒకరు మరొకరికి అమ్మినా ఇచ్చినా ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి స్టేషనుకో రాసి ఇచ్చి, నలభై అయిదు రోజులు ఆగాలి. అంటే సంక్రాంతి కానుక శివరాత్రి దాటాకగాని చేతికి రాదు. 2019లో చేసిన సవరణతో ఒక మనిషి దగ్గర మూడుండగల తుపాకులు రెండుకు తగ్గాయి. పెళ్ళిళ్ళలో సరదాకు గాలిలోకి పేల్చడం కూడా అప్పుడే శిక్షార్హమైన నేరమైంది.

అయితే 2016 నిబంధనల్లో మాకు పనికొచ్చే దారి ఒకటి దొరికింది. లైసెన్సుదారుకు డెబ్బై ఏళ్ళు నిండినా, ఆ ఆయుధం ఇరవై అయిదేళ్ళు తన దగ్గరే ఉన్నా, బతికి ఉండగానే వారసుల్లో ఒకరి పేర లైసెన్సు కోరవచ్చు. మామగారు రెండు విధాలా అర్హులే. దరఖాస్తు, పోలీసు విచారణ, వైద్యుడి పత్రం, భద్రంగా దాచుకుంటామన్న హామీ. ఇవన్నీ అయ్యాక కలెక్టరుగారి దయ. నాకు తెలిసినంతలో ఆడపిల్లకు సారె పెట్టడం ఇంతకంటే సులువు.

మర్నాడు పొద్దున వెల కట్టడానికి చిత్తూరు బయలుదేరాం. రిజర్వు పోలీసులో తుపాకులు బాగుచేసి పింఛను పుచ్చుకున్న పెద్దాయన ఒకరు అక్కడ ఉన్నారు, మామగారికి పాత పరిచయం. వస్తువును నేను సంచిలో వేసుకుని పోయి చూపించుకు వస్తానన్నాను. మామగారు నవ్వారు. లైసెన్సు ఆయన పేర ఉంది, ఆయన లేకుండా అది నా చేతిలో ఉంటే నేను నేరస్థుణ్ణట. అందుచేత ఎనభై ఏళ్ళ మనిషి, ఆయన ఒడిలో గుడ్డసంచి, సంచిలో లైసెన్సు పుస్తకం, రివాల్వరు, పైన అత్తగారు కట్టిచ్చిన మురుకుల పొట్లం, పక్కన నేను. అద్దె ఆటోలో ప్రయాణం. తూటాలు ఇంట్లోనే వదిలాం.

ఆ మేస్త్రీగారు కళ్ళజోడు పైకి తోసి, ముందు వస్తువును చూడలేదు. లైసెన్సు చూశారు. పుస్తకంలోని నంబరూ ఇనుము మీది నంబరూ అంకె అంకె సరిపోయాక, "ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. నంబరు కుదరకుంటే దీనికి వెల లేదు, కేసు ఉంది" అన్నారు.

తరవాత పడకటింటి తలుపు తీసినంత మెల్లిగా రివాల్వరును మధ్యకు మడిచారు. గొట్టం వెనక తెల్లకాగితం ముక్క పెట్టి వెలుతురుకు ఎత్తి నన్ను చూడమన్నారు. లోపల మరచుట్టలాగా గాడులు మెలితిరిగి మెరుస్తున్నాయి. అవి అరిగితే గుండు దారి తప్పుతుందట. చక్రాన్ని వేలితో కదిపి చూశారు. వెంట్రుకవాసి కదిలింది, ఆ వయసుకు అది తప్పు కాదన్నారు. గుర్రం మీటిచూశారు. బర్మింగ్‌హాము పరీక్షశాల ముద్రలు చూపించారు. పిడి మీద ఒక బీట. గొట్టం కొసన నల్లమెరుగు పోయి తెల్లబడింది.

"ఇది పేలింది తక్కువ, ఒరలో రాసుకుంది ఎక్కువ. మోసిన తుపాకి ఇది, కాల్చిన తుపాకి కాదు" అన్నారు. మామగారు కిటికీలోనుంచి వీధి చూస్తున్నారు.

వెల అడిగాను. ఆయన చెప్పిన లెక్క మీకూ చెబుతాను, వింతగా ఉంటుంది. పాయింటు ముప్పైయెనిమిది, పాయింటు నాలుగువందల యాభై అయిదు రివాల్వర్లు పెద్దవి, గట్టివి. కాని అవి నిషిద్ధ కొలతలు, మామూలు పౌరుడికి లైసెన్సు రాదు. అందుచేత ఈ దేశంలో చిన్నదైన ముప్పైరెండుకే గిరాకీ. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం ఈ వెబ్లీ పద్ధతిలోనే ముప్పైరెండు రివాల్వరు చేసి అమ్ముతోంది. 2014లో ఆడవారికి అనువుగా ఉంటుందని అరకిలో బరువుతో 'నిర్భీక్' అని ఒకటి తెచ్చారు. అప్పట్లో దాని ధర 1,22,360 రూపాయలు. ఇక విదేశీ సరుకు దిగుమతి మామూలు జనానికి 1980లలోనే ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతున్నాయి. కొత్తవి రావు, ఉన్నవి తగ్గుతాయి. కాబట్టి పుట్టిన ఊళ్ళో పాతసామానుగా పోయే వస్తువు చిత్తూరులో లక్షలు పలుకుతుంది.

"నాలుగుకు తక్కువ చెప్పను, అయిదుకు ఎక్కువ చెప్పను. అదీ కొనేవాడికి లైసెన్సుంటే. లేకుంటే పాత ఇనుము, కిలో ముప్పై రూపాయలు" అని మళ్ళీ మల్లుగుడ్డలో చుట్టి ఇచ్చారు. రుసుము వద్దన్నారు. మురుకుల పొట్లం మాత్రం పుచ్చుకున్నారు.

తిరుగు దారిలో నేను లెక్క వేసుకున్నాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కానుక మా ఆవిడకే వస్తుందేమోనని నాకు రాత్రే అనుమానం తగిలింది. అలా వస్తే, వెల ఎంత తక్కువ కడితే మాకంత లాభం. నాలుగు అని రాస్తే మేం ఇచ్చుకోవలసింది తగ్గుతుంది. అయిదు అని రాస్తే పెరుగుతుంది. "పిడికి బీట ఉంది గదా, మూడున్నర అనవచ్చునేమో" అని కూడా ఒక ఆలోచన వచ్చింది. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ లెక్కల్లో ఇలాంటి బీటలు వెతికి పట్టుకున్నవాణ్ణి నేను!

పొద్దున బయలుదేరేటప్పుడు మా బావమరిది నవ్వుతూనే ఒక మాటన్నాడు. "బావా, ఏ వెల చెప్తావో అదే కాణిపాకం స్వామి ముందర కూడా చెప్పాల." ఈ జిల్లాలో అది ఉత్తమాట కాదు. దొంగతనం, అప్పు, గట్టు తగాదా, ఏదైనా సరే, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అన్నారంటే వాదన ముగిసినట్టే. కోనేట్లో మునిగి తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడితే బతికి బట్టకట్టరని నమ్మకం. రాజకీయ నాయకులు కూడా ఒకరినొకరు కాణిపాకానికే రమ్మంటారు.

ఆటో గుడి దగ్గర ఆపించాను. మామగారు దిగలేదు.

"దీన్ని ఒళ్ళో పెట్టుకొని స్వామి కాడికి రాకూడదు. మీ చేతికియ్యకూడదు. మీరు పోయి రండి అల్లుడూ, నేను ఇక్కణ్ణించే దండం పెట్టుకుంటా."

లోపలికి వెళ్ళాను. మూగ, చెవిటి, గుడ్డి అన్నదమ్ములు ముగ్గురు ఏతం బావి ఎండిపోతే లోతు తవ్వుతుంటే పార రాతికి తగిలి రక్తం చిమ్మిందట. ఆ రాయి ఈ స్వామి. అన్నదమ్ముల అవిటితనం పోయింది. ఊరివారు కొట్టిన టెంకాయల నీళ్ళు కాణి నేల మేరకు పారాయట. కాణిపాకం పేరు అందుకే వచ్చిందంటారు. గుడి కట్టించింది కులోత్తుంగ చోళుడని చెబుతారు. స్వామి ఇప్పటికీ బావిలోనే, చుట్టూ నీళ్ళతోనే ఉన్నాడు. పెరుగుతున్నాడని కూడా నమ్మకం; పూర్వం ఒక భక్తురాలు చేయించిన వెండికవచం ఇప్పుడు పట్టదంటారు. నేను కోనేట్లో మునగలేదు, ప్రమాణమూ చేయలేదు. చేతులు జోడించి "నాలుగున్నర" అని మాత్రం అనుకున్నాను. బయటికొచ్చి చూస్తే మామగారు ఆటోలో అలాగే సంచి ఒళ్ళో పెట్టుకుని, గోపురం వైపు తిరిగి కళ్ళు మూసుకుని ఉన్నారు.

పెద్దబావగారు ఆ సాయంత్రమే బెంగుళూరు నుంచి దిగారు. భోగి ముందురాత్రి వసారాలో అందరం కూర్చున్నాం. చిన్నమామ కూడా గోడకు చేరగిలి నిప్పట్టు నానబెట్టుకుని తింటున్నారు. నేను కాగితం తీసి నాలుగున్నర లక్షలని చదివాను. మూడు భాగాలు, తలా లక్షన్నర. పుచ్చుకున్నవారు మిగతా ఇద్దరికీ కలిపి మూడు లక్షలివ్వాలి.

"నేనిస్తా" అన్నారు పెద్దబావగారు. నాన్న వస్తువు అద్దాలబీరువాలో పెట్టుకుంటారట.

"నాకు కావాల. తోటలో పందులు పడి చెరకంతా పాడుచేస్తా ఉండాయి" అన్నాడు బావమరిది.

"దీంతో అడవిపందిని కొడితే దానికి కోపం వస్తుంది గాని ప్రాణం పోదు. పైపెచ్చు కొట్టడం నేరం, వన్యప్రాణి చట్టం ఉంది" అన్నాను. పంటకాపలాకు వేరే నాటు తుపాకి లైసెన్సు ఉందని కూడా చెప్పాను. వాడి ముఖం చిన్నబోయింది. వాడికి పందుల బాధ కంటే, అమ్మానాన్నలను చూసుకుంటున్నది తనే గదా, తనకెందుకు రాకూడదన్న బాధే ఎక్కువని నాకర్థమైంది. అది అన్యాయమైన బాధ కూడా కాదు.

"ఇది పాపకు" అన్నారు మామగారు.

ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ లోపల గడప దగ్గర నిలబడి ఉంది.

"ఎందుకు నాయనా?" అని చివరికి బావమరిదే అడిగాడు.

మామగారు తమ్ముడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించక్కరలేకుండానే చెప్పారు. ఆ చెవుల సంగతి ఆయనకు తెలుసు.

"ఎనభైయైదులో గట్టుమీది మామిడిచెట్టు కాపు కాడ మీ చిన్నాయనకూ నాకూ మాట పెరిగింది. పదిమంది ముందర నా చొక్కా పట్టుకున్నాడు. ఇంట్లోకొచ్చి బీరువా తెరిచినా. రివాల్వరు ఉండాది, తూటాల డబ్బా ఖాళీ. ఇల్లంతా ఎతికినా. మీ అమ్మ ఏడస్తా ఎనకెనకే వస్తా ఉంది. పెట్టెలు, పరుపులు, అటక... ఎతికేకొద్దీ కోపం పోయి సిగ్గొచ్చె. తెల్లారేసరికి వాడు చెంబెత్తుకొని మన బావికే వచ్చినాడు. తూటాలు పోయినాయని స్టేషనులో చెప్పుకుంటే, అర్ధరాత్రి ఏంటికి ఎతికినావని అడుగుతారు గదా. ఊరకుండినా. ఆర్నెల్లకు మీ అమ్మ రాగులు కొలస్తా ఉంటే కుండ అడుగున దొరికినాయి."

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"ఎవరు పెట్టినారని నేను అడగలా. ఆ కుండ మూతిలో చెయ్యి దూరేది ఈ ఇంట్లో ఒకరికే. చిన్నోడు అప్పటికి ఉయ్యాల్లో ఉండాడు. పెద్దోడు హాస్టల్లో."

నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఇరవై ఏడేళ్ళ సంసారంలో జ్వరాలూ, అప్పులూ, బదిలీలూ అన్నీ చెప్పుకున్నాం. ఈ ఒక్క మాట నాకు చెప్పలేదు. ఆమె కాళ్ళవైపు చూసుకుంటూ అంది:

"రివాల్వరే తీసుకుపోదామని చూసినా నాయనా. బరువుగా ఉండె, ఎత్తలేకపోయినా. అందుకని తూటాలు తీసినా."

అప్పుడామెకు పదేళ్ళు.

చాలాసేపు ఎవరూ కదలలేదు. ఆఖరికి పెద్దబావగారు కాగితం నా చేతిలోనుంచి తీసుకుని తన పేరు ఎదుట ఉన్న లక్షన్నర కొట్టేశారు. "పాప భాగం విడుదల పత్రం రాసిచ్చేటప్పుడు మనం వెల కట్టినామా?" అన్నారు. నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో చేసిన చట్టం ప్రకారం, 1985 సెప్టెంబరుకు పెళ్ళికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో మగపిల్లలతో సమానంగా వాటా వచ్చింది. మా ఆవిడకు రావలసిన ఆ వాటాను తమ్ముడు ఊళ్ళో ఉండి చేసుకుంటున్నాడని, పదేళ్ళ కిందట ఒక్క రూపాయి పుచ్చుకోకుండా సంతకం పెట్టి వదిలేసింది. ఆ పొద్దు నేను మనసులో గొణుక్కున్నానన్నది వేరే సంగతి.

బావమరిది కాసేపు నేల గీరాడు. "నాకూ వద్దులే అక్కా. ఆ తోలు ఒర మాత్రం నాకియ్యి. నాయన నడుముకు అది ఉండేది నేను చిన్నప్పుడు చూసినా" అన్నాడు. ఒరకు లైసెన్సు అక్కరలేదు గనుక ఆ కానుక అక్కడికక్కడే చేతులు మారింది. రివాల్వరు మల్లుగుడ్డలోనే బీరువాకు పోయింది.

పండుగ మూడు రోజులూ దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. కనుమ సాయంత్రం ఊరి వెలుపల చిట్లాకుప్ప అంటించడానికి కుర్రకారు కంప మోస్తున్నారు, కొమ్ములకు రంగులేసిన పశువులను తోలుకువస్తున్నారు. మర్నాడు మా ప్రయాణం. అంతలోగా దరఖాస్తుకు చిత్తు రాసిపెట్టుకుందామని నేను వసారాలో కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఆయుధం వివరం, నంబరు, ఇప్పుడెవరి దగ్గరుంది, ఎన్నేళ్ళుగా ఉంది. మా ఆవిడ పక్కన నిలబడి చెబుతోంది. మామగారూ చిన్నమామా ఎదుట చాపమీద చెరకు గడ విరిచి చెరొక సగం నములుతున్నారు.

"తూటాలు ఎన్ని కావాలని రాయమంటావు?" అన్నాను.

"సున్న వెయ్యండి" అంది.

చిన్నమామ వినపడే చెవి ఇటు తిప్పి, "ఏందబ్బా, ఎంతంటుంది పాప?" అని అడిగారు.

"సున్న!" అని మామగారు గట్టిగా అరిచారు.

"సున్నానా!" అని ఆయన నోట్లో చెరకు పిప్పి తీసి అన్నగారి వైపు కోపంగా చూశారు. "నాలుగున్నర లక్షల వస్తువు సున్నకు ఇచ్చేస్తా ఉండావా? ముందే ఒక మాట చెప్పుంటే నేనే తీసుకోనుంటిని గదన్నా!"

మామగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేకపోయారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, తన చేతిలో మిగిలిన చెరకు ముక్క కూడా తమ్ముడి చేతిలో పెట్టారు. అంతలో బయట చిట్లాకుప్ప అంటుకుంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి, చూడ్డానికి వెళ్ళారు.